ఊరంతా చూపించాను, మా వీధి తప్ప

నేను చేసింది పెద్ద నేరమేమీ కాదని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరినీ చంపలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒకావిడకు ఒక రోజంతా నెల్లూరు చూపించాను, సముద్రం చూపించాను, సాయంత్రం మర్యాదగా రైలెక్కించాను. ఇంటికొచ్చి మా అమ్మకు చేపల పులుసు గురించి ఒక చిన్న అబద్ధం చెప్పాను. అంతే. ఈ ‘అంతే’ అనే మాట ఎన్నేళ్ళుగా అనుకుంటున్నానో, అన్నేళ్ళుగానూ అది గొంతులో అడ్డం పడుతూనే ఉంది. ఇప్పుడు కూడా అంత వరకు రాసి, లేచి నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా తెలిసీ తెలియక చేసిన తప్పులని అందరితో పాటు గొణిగి కూర్చునేదాన్ని. తెలియక చేసింది కాదిది. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రతి అడుగూ తెలిసే వేశాను. నా పేరు మాత్రం అడక్కండి. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

అరవయ్యో దశకం మొదట్లో నేను నెల్లూరులో ఒక మిషను ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో నర్సును. మా నాన్న పల్లెలు తిరిగి బైబిలు వాక్యం చెప్పేవాడు. నేను ట్రైనింగులో ఉండగానే పోయాడు. అమ్మ ఆడపిల్లల బోర్డింగులో వంట చేసేది. మోకాళ్ళ నొప్పులొచ్చి మానేసింది. ఆసుపత్రి వెనక సన్నటి వీధిలో పెంకుటింట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. అమ్మ చేతి వంటంటే ఆ చుట్టుపక్కల అందరికీ నోరూరేది. చేపల పులుసు పెడితే గోడ అవతలి వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కాని సంగతి ఒకటుండేది. మా సంఘంలో ఇంట్లో ఎవరిదైనా పుట్టినరోజు వస్తే ఆ ఆదివారం కవరులో డబ్బు పెట్టి కృతజ్ఞతార్పణగా ఇస్తారు. గుడిలో పాస్టరు అయ్యగారు పేరు చదివి ప్రార్థన చేస్తారు. మా ఇంట్లో నా పుట్టినరోజు ఎండాకాలంలో, నాన్నది సంక్రాంతి దాటాక. అమ్మ పుట్టినరోజు ఎప్పుడో అమ్మకే తెలియదు. అయినా ప్రతి ఏడూ వానలు పట్టుకున్నాక, అక్టోబరులో ఒక ఆదివారం, అమ్మ ఒక కవరు ఇచ్చేది. పేరు చదవొద్దని అయ్యగారికి ముందే చెప్పేది. ఎవరి కోసమని అడిగితే, “దేవుడికి తెలుసులే” అనేది. దేవుడికి తెలిసింది నాకు తెలియకపోవడం నాకు కష్టంగా ఉండేది. నవ్వుకోండి, ఆ కవరు మీద అసూయపడ్డాను నేను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు, కన్న బిడ్డను వార్డులోనే వదిలేసి వెళ్ళిపోయిన ఒక పిల్ల గురించి ఇంటికొచ్చి మండిపడ్డాను. అదేం గుండె, రాయా అన్నాను. అమ్మ అన్నం వడ్డిస్తోంది. గరిటె గిన్నెలో పెట్టేసి, “అట్టనబాక అమ్మణ్ణీ. నేనూ ఒక బిడ్డను అట్టనే ఇచ్చేసినా” అంది.

ఆ రోజు చెప్పింది. అమ్మది సంగం దగ్గర ఒక పల్లె, మాగాణి ఉన్న రైతు కుటుంబం. ఊహ తెలియకముందే పెళ్ళి, ఊహ తెలిసేటప్పటికి వైధవ్యం. తర్వాత ఆ ఇంట్లోనే ఎవరి వల్లనో కడుపు. ఎవరని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అన్నలు బండి కట్టి నెల్లూరు తీసుకొచ్చి ఆసుపత్రి గేటు దగ్గర దించి, ఊళ్ళో జ్వరమొచ్చి చచ్చిపోయిందని చెప్పుకున్నారట. ఆడపిల్ల పుట్టింది. కొన్ని నెలలు ఆసుపత్రి శిశుగృహంలో అమ్మే పాలిచ్చి పెంచింది. పిల్లలు లేని దొర దంపతులు తమ దేశం పోతూ ఆ బిడ్డను తీసుకుపోయారు. “దొరకి ఒక కాలు కుంటి. బిడ్డనెత్తుకోని కుంటుకుంటా పోతా ఉంటే యాడ పడేస్తాడోనని ఆ గేటు కాడ నిలబడే చూసినా” అంది అమ్మ. అప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంది. మా నాన్నకు తెలుసా అని అడిగాను. “చెప్పే చేసుకున్నా” అంది.

అది నేను గుర్తుంచుకోవలసిన మాట. మా నాన్న తెలిసే చేసుకున్నాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అక్టోబరు కవరు మాత్రం ఆగలేదు. ఇప్పుడు అది ఎవరిదో నాకు తెలుసు. తెలిసినందువల్ల అసూయ తగ్గిందా? లేదు. మనిషి లేకుండానే మా ఇంట్లో ఒక చోటు ఆక్రమించుకుని కూర్చున్న అక్క నాకుంది.

నా పెళ్ళి ఆలస్యంగా కుదిరింది. మనుబోలు దగ్గర ఒక పాస్టరు గారబ్బాయి, హైస్కూల్లో లెక్కల మాస్టరు. పట్టింపులున్న కుటుంబం. మాలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చేస్తారు. ఫలానావారికీ ఫలానావారికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. రెండు ఆదివారాలు ప్రకటన అయిపోయింది. మూడోది మిగిలి ఉంది. ఆ వారంలోనే మా సూపరింటెండెంటు దొరసాని నన్ను పిలిచింది.

ఆమె మన దేశానికి కొత్త. పాత సంగతులు ఆమెకు తెలియవు. మన ఆసుపత్రిలో పుట్టి, పసితనంలోనే ఒక మిషనరీ దంపతులతో వాళ్ళ దేశం వెళ్ళిన ఒకామె, మద్రాసు వరకు వచ్చిందట. తాను పుట్టిన ఊరు ఒక్క రోజు చూసిపోవాలనుకుంటోందట. నీకు ఇంగ్లీషు బాగా వచ్చు, శుక్రవారం కారు మాట్లాడాను, ఊరూ సముద్రమూ అన్నీ చూపించు అంది. హోటలు తిండి పడకపోవచ్చు, మీ అమ్మగారిని కాస్త వండి పంపమను అని కూడా అంది.

ఎందరు పిల్లలు పుట్టలేదు ఆ ఆసుపత్రిలో, ఎందరిని దొరలు తీసుకుపోలేదు అని సర్దుకోబోయాను. ఏ నెలలో పుట్టిందట అని అడిగాను. అక్టోబరు అంది దొరసాని.

ఒక రోజంతా చేతిలో ఉంది. ఇంటికెళ్ళి అమ్మా, నీ బిడ్డ వస్తోంది అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఎవరో తెల్లామె వస్తోంది, క్యారేజీ కట్టాలట అన్నాను. అమ్మకు హుషారొచ్చింది. మామిడికాయ ముక్కలేసి కొర్రమీను పులుసు పెడతానంది. తెల్లవాళ్ళకు కారం పడదని గుర్తు చేస్తే, “తగ్గిచ్చేస్తాలే, చింతపండూ తగ్గిస్తా. బిడ్డ మాదిరి తినేటట్టు చేస్తా” అంది. మామూలుగా అనే మాటే. నేను మాత్రం అక్కడ నిలబడలేక పెరట్లోకి పోయాను.

శుక్రవారం పొద్దున స్టేషన్‌కు వెళ్ళాను. బాడుగ కారు, దాని డ్రైవరు మస్తాను. ఆసుపత్రి వాళ్ళకు ఎప్పుడు కారు కావాలన్నా అతనే వచ్చేవాడు. రైలు ఆగింది. గౌను వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, మన రంగు మనిషి ఒకామె దిగింది. ఇంక సందేహానికి చోటు లేదు. మా అమ్మే దిగినట్టుంది. నుదురు, చెవులు, మెట్టు దిగేటప్పుడు ముందు ఎడమ కాలు వేసి ఒక్క క్షణం ఆగడం, అన్నీ అమ్మవే. అమ్మ కడుపున పుట్టి అమ్మ దగ్గరే పెరిగిన నేను మా నాన్న పోలిక. అది కూడా గుచ్చుకుంది నాకు. అదీ దాచకుండా రాస్తున్నాను.

స్టేషన్ నుంచి ఆసుపత్రికి మా వీధి మీదుగా దగ్గర దారి. మస్తాను అటే తిప్పబోయాడు. పెద్ద రోడ్డు మీదుగా పోనిమ్మన్నాను. “అట్ట పోతే చుట్టు గదా సిస్టరమ్మా?” అన్నాడు. ఆమెకు ఊరు చూపించాలి, పోనీ అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట. ఆ తర్వాత రోజంతా నేను చేసింది అదే. ఊరు చూపించడమనే పేరుతో ఊళ్ళో ఒక ఇల్లు దాచడం.

ఆసుపత్రిలో పాత శిశుగృహం ఎప్పుడో మూసేశారు. అప్పటికి అందులో మంచాలు, విరిగిన బల్లలు పడేసి ఉన్నాయి. ఆమె లోపలికి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఏడుస్తోందని వెనక నుంచే తెలిసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి, ఈ కట్టడం ఎప్పుడు కట్టారో, పైకప్పు ఎప్పుడు మార్చారో చెప్పడం మొదలుపెట్టాను. సగం నాకు తెలియనివే, కల్పించి చెప్పాను.

తర్వాత పెన్న ఒడ్డుకు తీసుకెళ్ళాను. ఎండాకాలం, ఇసక మధ్య సన్నటి పాయ. రంగస్వామి గుడి గోపురం చూపించాను. ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి అని అడిగింది. సంగం నుంచి అన్నాను. అక్కడ ఆనకట్ట ఉందని, కాలువలున్నాయని, వరి బాగా పండుతుందని చెప్పాను. నీ తల్లి ఆ నీళ్ళే తాగి పెరిగిందనే మాట నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగేసి, మా నెల్లూరు బియ్యానికి మద్రాసులో ఎంత గిరాకీయో చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. కారులో వాళ్ళ నాన్న గురించి చెప్పింది. మంచివాడట. కుంటి కాలితోనే ఆమెను భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడట. ఎప్పుడూ పడెయ్యలేదట. ఆ ఒక్క మాట మా అమ్మకు చేరవేసినా, గేటు దగ్గర నిలబడిన ఆ భయం తీరిపోయేది. అదీ చేరవెయ్యలేదు.

మధ్యాహ్నానికి మైపాడు చేరాం. దారి పొడుగునా సరుగుడు చెట్ల సర్వి తోటలు, కట్టెల పడవలు నిలిచిన ఉప్పు కాలువ, ఆ తర్వాత సముద్రం. మస్తాను కారు నీడకు పెట్టుకుని, నమాజు చేసుకొస్తానని పల్లెలోకి వెళ్ళాడు. మేము సర్విచెట్ల కింద దుప్పటి పరిచి కూర్చున్నాం. క్యారేజీ విప్పి స్పూను ఇవ్వబోయాను. వద్దంది. నేను ఎలా తింటున్నానో ఒకసారి చూసి, చేత్తోనే కలుపుకుంది. రెండు ముద్దలకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. తగ్గించినా మా కారం మా కారమే. నీళ్ళు తాగి మళ్ళీ కలుపుకుంది. గిన్నెలో అడుగున మిగిలిన పులుసు కూడా వంచుకుంది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఇవి. ఇంగ్లీషులోనే అనుకున్నాం. ఇన్నేళ్ళలో ఒక్క మాట కూడా నాకు చెదరలేదు.

“ఇది ఎవరు వండారు?” అంది.

“మా ఆసుపత్రి వంటమనిషి.”

“సాయంత్రం రైలుకు ముందు ఆమెను ఒకసారి కలవొచ్చా? థాంక్స్ చెప్పాలి.”

“ఆమె ఇవాళ ఊరెళ్ళింది.”

“అయితే మీరే చెప్పండి, ఇంత రుచి నేనెప్పుడూ ఎరగనని. చెప్తారు కదా?”

“చెప్తాను.”

చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగింది. అడగడానికి భయపడుతూ అడిగింది. “ఆ రోజుల్లో ఆ శిశుగృహంలో పనిచేసిన ఆడవాళ్ళెవరైనా ఇంకా ఉన్నారా? మా అమ్మ ఎవరో చెప్పకపోయినా ఫరవాలేదు. ఆమెను చూసిన మనిషి ఒక్కరు దొరికితే చాలు.”

“లేరు,” అన్నాను. “అందరూ పోయారు.”

ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! రోగి బంధువులకు చెప్పే గొంతుతో చెప్పాను. ఆమె తలూపింది. నీళ్ళ దగ్గరికి వెళ్ళి, గౌను తడుస్తున్నా చూసుకోకుండా నిలబడింది. నేను గిన్నెలు ఇసకతో తోమి, కడిగి, క్యారేజీ సర్దుకున్నాను.

ఎందుకలా చేశావని మీరు అడుగుతారు. మూడో ప్రకటన కోసమే అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న జవాబు. సంగతి బయటికొస్తే పాస్టరు గారి కుటుంబం వెనక్కి పోతుంది, అప్పటికే వయసు మీరిన నాకు ఇంకో సంబంధం రాదు. అది నిజమే. కానీ అదే నిజమైతే, ఆమెకు రహస్యంగా చెప్పొచ్చు కదా? ఎవరికీ తెలియకుండా ఒక్క గంట మా ఇంటికి తీసుకెళ్ళొచ్చు కదా? ఆమె రట్టు చేసే మనిషిలా ఉందా? లేదు. మా అమ్మ ఆమెను చూసినప్పుడు మా అమ్మ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నన్ను చూసినప్పుడు ఎన్నడూ అలా లేదు. దాన్ని చూడ్డం నాకిష్టం లేదు. ప్రకటన ఒక సాకు.

సాయంత్రం రైలెక్కించాను. కిటికీలో నుంచి నా రెండు చేతులూ పట్టుకుంది. మీరు నాకు అన్నీ చూపించారు అంది. నేను గబగబా చేతులు విడిపించుకుని, ఇంటికి నడిచి వచ్చేశాను. క్యారేజీ కారులోనే మరిచిపోయాను.

అమ్మ గుమ్మంలోనే ఉంది. “తినిందా అమ్మణ్ణీ?” అంది.

తినింది అని ఉంటే సరిపోయేది. కానీ తినింది అంటే ఏమంది అంటుంది. ఏమందో చెబితే ఎట్టుంటుంది మనిషి అంటుంది. ఆ మాటలు ఎక్కడికి పోతాయోనని భయమేసింది. “లేదమ్మా,” అన్నాను. “వాసన చూసి పక్కన పెట్టేసింది. సముద్రం ఒడ్డున వాళ్ళకు పెట్టేశాను.”

“కారం తగ్గిచ్చే చేసినానే,” అంది అమ్మ. కొంచెం ఆగి, “చింతపండు గూడా తగ్గిచ్చినా” అంది. వంటింట్లోకి పోయింది.

ఆదివారం మూడో ప్రకటన చదివారు. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఎవరికైనా అభ్యంతరముంటే అని అయ్యగారు అన్నప్పుడు, అమ్మ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. సంతోషమనుకున్నాను. ఎవరూ లేవలేదు. పెళ్ళయిపోయింది. మనుబోలు వెళ్ళాను, మళ్ళీ ఆయనకు నెల్లూరు బదిలీ అయితే వచ్చేశాను. అమ్మ మాతోనే ఉండేది. మా ఆయన మంచివాడే. చెబితే వెనక్కి పోయేవాడో కాదో నాకు తెలియదు. అడిగి చూస్తే కదా తెలిసేది.

ఆ ఏడు క్రిస్మసుకు ఆసుపత్రి పేరున మా అక్క దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. అన్నీ చూపించిన సిస్టరుకూ, ఆ పులుసు వండిన తల్లికీ అని రాసి ఉందని, పండక్కి నేను నెల్లూరు వచ్చినప్పుడు దొరసాని అందరి ముందూ చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ దొరసాని తన దేశం వెళ్ళిపోయింది. అక్క సంగతి చెప్పగలిగిన వాళ్ళు ఎవరూ మిగల్లేదు.

అమ్మ అరవయ్యో దశకం చివర్లో మంచాన పడింది. గుండె బలహీనం, కాళ్ళకు నీరు. ఇక లాభం లేదని నర్సును కాబట్టి నాకే ముందు తెలిసింది. ఒక మధ్యాహ్నం మా ఆయనా మా ఆడబిడ్డా కూడా ఆ గదిలోనే ఉన్నారు. అమ్మ కళ్ళు తెరిచి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగాను.

“ఆ పొద్దు... ఆ దొరసాని... నిజంగానే పులుసు తిన్లేదా అమ్మణ్ణీ?” అంది.

గొంతు సన్నగానే ఉంది, కానీ మా ఆడబిడ్డ తల తిప్పి చూసింది. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు అడుగుతోందో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని రాస్తున్నాను, అదీ అబద్ధమే. అర్థమైంది. అర్థమయ్యే, “ఏ దొరసాని అమ్మా?” అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. “ఏం లేదులే,” అని గోడ వైపు తిరిగింది.

ఆ తర్వాత కూడా టైముంది. సాయంత్రం అందరూ బయటికి పోయారు. అమ్మా నేనూ ఇద్దరమే. దుప్పటి మార్చాను, తల దువ్వాను, పెదాలకు నీళ్ళు తడిపాను. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అమ్మ మళ్ళీ అడగలేదు. మర్నాడు పోయింది.

భూస్థాపన అయ్యాక మస్తాను పలకరించడానికి వచ్చాడు. అప్పటికి గడ్డం నెరిసింది. అమ్మ మంచితనం చెప్పుకుంటూ కూర్చుని, “ఆ క్యారేజీ తెచ్చిచ్చిన దినం యాదికొస్తా ఉంది సిస్టరమ్మా” అన్నాడు. ఏ దినం అన్నాను. మైపాడు పోయొచ్చిన మర్నాడు, నేను డ్యూటీలో ఉండగా, క్యారేజీ ఇవ్వడానికి మా ఇంటికొచ్చాడట. మాటల్లో మాటగా అమ్మకు చెప్పాడట. “ఆమె తెల్లామె కాదమ్మా, మన మనిషే. ఈడనే పుట్టిందంట. పిల్లకాయలుండే ఇంట్లో గోడ పట్టుకోని ఏడిసింది. మొకం అచ్చం మీ మొకమేనమ్మా అన్నా. అమ్మ క్యారేజీ కింద పెట్టేసింది. మనిషి బాగుండాదా అనింది. బాగుండాదన్నా. మజ్జిగిచ్చి లోపలికి పోయింది.”

అతనికి తాను చెబుతున్నదేమిటో తెలియదు. కన్నీళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అంటే శనివారం. ఆ తర్వాతి రోజే మూడో ప్రకటన. కాబట్టి ఆ ఆదివారం గుడిలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు మా అమ్మకు అంతా తెలుసు. వచ్చింది తన బిడ్డని తెలుసు, నేను దాచానని తెలుసు, తెల్లామె అని అబద్ధమాడానని తెలుసు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని అడిగిన ఆ గుడి మొత్తంలో, చెప్పవలసిన మాట ఉన్నది ఆమె ఒక్కదానికే. ఆమె నా చెయ్యి పట్టుకుని ఊరుకుంది. ఆ తర్వాత కూడా, మాతో ఉన్నన్నాళ్ళూ, నన్ను ఒక్క మాట అనలేదు. ఆమెకు తెలియక మిగిలింది ఒక్కటే. తినలేదన్నది నిజమా, అదీ నా అబద్ధమేనా అని. మస్తాను అప్పుడు అక్కడ లేడు కాబట్టి అతను చెప్పలేకపోయాడు. చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. పాలిచ్చి పెంచి పంపేసిన బిడ్డ, ముప్పై ఏళ్ళ తర్వాత తన చేతి కూడు వాసన చూసి పక్కన పెట్టిందనే మాటతోనే మా అమ్మ పోయింది.

దేవుడు క్షమిస్తాడని అంటారు. నేనూ రోగుల మంచాల పక్కన నిలబడి అదే చెప్పేదాన్ని. కానీ నేను అడగవలసింది ఆయన్ని కాదు. అడగవలసిన ఇద్దరిలో ఒకరు మట్టిలో ఉన్నారు. ఇంకొకరు ఏ దేశంలో ఉన్నారో, అసలు ఉన్నారో లేరో తెలియదు. ఉంటే, తల్లిని చూసిన మనిషి ఒక్కరూ మిగల్లేదనే అనుకుంటూ ఉంటుంది. ఎదురుగా కూర్చుని ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తిన్నది తన చెల్లెలితో అని ఆమెకు తెలియదు. ఇక తెలియదు. మీరు నన్ను మంచిదాన్ననక్కర్లేదు, వయసులో చేసిన పొరపాటని సర్దక్కర్లేదు. సర్దడం నాకు బాగా వచ్చు.

అక్టోబరు కవరు ఇప్పుడు నేనిస్తున్నాను. పేరు చదవొద్దని అయ్యగారికి చెబుతాను. మా అమ్మ ఇచ్చినట్టు కాదు, నాకు ఆ హక్కు లేదు, అయినా ఇస్తాను.

ఇంక ఒక్క మాట ఉంది. ఇంత రాసింది దీని కోసమే. అడిగినప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

తినిందమ్మా. స్పూను వద్దని చేత్తోనే తినింది. కారమైంది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, అయినా మళ్ళీ కలుపుకుంది. గిన్నె అడుగుది కూడా వంచుకుంది. ఇంత రుచి ఎప్పుడూ ఎరగనని నీకు చెప్పమంది.